పాత మాసీ 1035: స్లోలో ఇంజిన్ ఊగి ఊగి ఆగిపోతోంది

#1 వంశధార_గట్టు (హిరమండలం వైపు)
బండి పాత మాసీ ఫెర్గూసన్ 1035. మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజిన్, డీపీఏ రకం (ఒకే రోటర్ అన్ని సిలిండర్లకీ పంచే) డీజిల్ పంపు. పొద్దున్న సెల్ఫ్‌కి వెంటనే అందుకుంటుంది. పది, పదిహేను నిమిషాలు నడిచాక యాక్సిలరేటర్ పూర్తిగా దించితే ఇంజిన్ పైకీ కిందకీ ఊగుతుంది. రెండు సెకన్లకో ఊపు. ఒకోసారి నాలుగు ఊపులు ఊగి నిలబడుతుంది, ఒకోసారి ఆగిపోతుంది. లోడ్ మీద ఏ తేడా లేదు, లాగుడు బాగుంది. పొగ స్లోలో కొంచెం తెలుపు. చాంబర్‌లో (ఇంజిన్ అడుగున) ఆయిల్ మట్టం గీత దగ్గరే ఉంది.
స్లో స్క్రూ రెండు చుట్లు లోపలికి తిప్పాం. ఆగడం తగ్గింది గానీ ఇప్పుడు గేరు వేస్తే పళ్లు గరగరమంటున్నాయి. ఉభాల (వరి నాట్ల) ముందు దమ్ము (నీళ్లు పెట్టి బురద దున్నే) పని ఉంది. కేజ్ వీల్స్‌తో (ఇనప పట్టీల చక్రాలతో) బురదలో ఉండగా క్లచ్ తొక్కితే ఆగిపోతే కష్టం. ఎక్కడ మొదలుపెట్టాలి?

#2 టెక్కలి_రైతు
అది పంపు అరిగిపోయిన లచ్చనం బావూ. స్పీడు సరిసేసే గవర్నర్ లూజైపోతాది. పంపు కొత్తది ఏసేయడమే. లేదంటే డీజిల్లో అర లీటరు కిరసనాయిలు కలిపి ఒక రోజు నడిపి సూడు, లోపల జిగురు ఏటన్నా ఉంటే కరిగిపోతాది.

#3 చీపురుపల్లి_షెడ్డు
పంపు మీద నింద వేసే ముందు నాలుగు చూడాలి. వాటిలో ఒక్కదానికీ పంపు విప్పక్కర్లేదు.
ముందు ఆ స్క్రూని ఎన్ని చుట్లు తిప్పారో అన్ని చుట్లూ వెనక్కి తిప్పేయండి. స్లో స్పీడు పెంచితే ఊగుడు కనపడకుండా పోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. గేరు గరగర కూడా దానివల్లే. ఈ గేరు పెట్టెలో సింక్రో (పళ్ల వేగాలు కలిపే ఏర్పాటు) లేదు. ఇంజిన్ ఎక్కువ తిరుగుతుంటే క్లచ్ తొక్కినా లోపలి షాఫ్ట్ ఆగడానికి టైం పడుతుంది.
తర్వాత ఈ నాలుగింటికి జవాబు రాయండి.
పంపు మీద లివర్‌కి వచ్చే కడ్డీ ఊడదీసి, లివర్‌ని వేలితో స్లో స్క్రూకి ఆనించి పట్టుకుంటే ఊగుతోందా? ఆగితే తప్పు కడ్డీలదీ, బుష్‌లదీ, లాగే స్ప్రింగుదీ. చేతి లివర్ దించినా పంపు లివర్ ప్రతిసారీ ఒకే చోటికి రావట్లేదన్న మాట.
డీజిల్ ట్యాంకు మూత తీసి నడిపితే తేడా ఉందా? మూతలో గాలి రంధ్రం మట్టితో మూసుకుంటే ఇరవై నిమిషాలకి డీజిల్ రాదు. మూత తిప్పగానే సుయ్‌మని గాలి లోపలికి లాగుతుంది.
ఫిల్టరు ఎప్పుడు మార్చారు, ఊగుడు దానికి ముందా తర్వాతా?
రాత్రి బండి నిలిపిన చోట ఫీడ్ పంపు గాజు గిన్నె కింద తడి ఉంటోందా?

#4 పాలకొండ_పంపు
టెక్కలి అన్నా, కిరసనాయిలు మాత్రం వద్దు. డీపీఏ పంపులో ఇంజిన్ ఆయిల్ ఉండదు. లోపలి భాగాలు, అంటే రోటర్, వేన్‌లు, క్యామ్ రింగు, రోలర్లు అన్నీ డీజిల్ జిడ్డు మీదే బతుకుతాయి. కిరసనాయిలు పలుచన, జిడ్డు తక్కువ. రోటర్‌కీ హెడ్‌కీ మధ్య సందు వెంట్రుక కన్నా చాలా చిన్నది, అక్కడ గీత పడితే ఆ హెడ్ పోయినట్టే. పాత ఆయిల్ కలపడం కూడా తప్పే, అందులోని మసి మీటరింగ్ వాల్వ్‌ని (డీజిల్ కొలిచి వదిలే వాల్వ్‌ని) పట్టేస్తుంది.
ఈ ఊగుడు ఎందుకొస్తుందో చెప్తాను, పరీక్షలు ఎందుకు చెయ్యమంటున్నామో తెలుస్తుంది. స్పీడు తగ్గితే గవర్నర్ డీజిల్ పెంచాలి, పెరిగితే తగ్గించాలి. స్లోలో ఒక్కో దెబ్బకి సిలిండర్‌లోకి వెళ్లే డీజిల్ చిన్న బొట్టులో భాగం. ఆ బొట్టులో బుడగ ఉంటే డీజిల్ తగ్గిపోతుంది. స్పీడు పడుతుంది. గవర్నర్ వాల్వ్ తెరుస్తుంది. ఈలోగా బుడగ దాటిపోయి అసలు డీజిల్ వచ్చేస్తుంది, స్పీడు ఎగురుతుంది. గవర్నర్ మళ్లీ మూస్తుంది. అదే మీరు చూసే ఊపు. లోడ్ మీద డీజిల్ ఎక్కువ వెళ్తుంది కాబట్టి అదే బుడగ లెక్కలోకి రాదు. అందుకే "లాగుడు బాగుంది, స్లో బాగోలేదు" అన్న బళ్లలో నేను ముందు గాలి వెతుకుతాను.
గాలి కాకపోతే అప్పుడు పంపు లోపల: మీటరింగ్ వాల్వ్ బిగుసుకోవడం, గవర్నర్ కడ్డీ కొక్కెం అరగడం, ట్రాన్స్‌ఫర్ వేన్‌లు అరిగి ప్రెషర్ తగ్గడం. ఇంకొకటి, పై కవర్ ఎవరైనా విప్పారా అని అడగండి. గవర్నర్ స్ప్రింగు తగిలించే చేతికి ఒకటి కన్నా ఎక్కువ రంధ్రాలు ఉంటాయి. ఆ ఇంజిన్‌కి చెప్పిన రంధ్రంలో కాకుండా పక్కదానిలో తగిలిస్తే ఊగుడూ వస్తుంది, పై స్పీడూ మారిపోతుంది.
సీసం సీలు వేసి ఉన్న స్క్రూ పై స్పీడుది. దాన్ని ముట్టుకోవద్దు. స్లో స్క్రూ లివర్‌కి రెండో పక్క ఉంటుంది, సీలు ఉండదు.

#5 వంశధార_గట్టు
స్క్రూ వెనక్కి తిప్పాను. జవాబులు:
కడ్డీ ఊడదీసి లివర్‌ని వేలితో ఆనించినా అదే ఊగుడు. మూత తీసి నడిపినా అంతే. ఫిల్టరు ఊగుడు మొదలయ్యాకే మార్చాం. గాజు గిన్నె కింద పొద్దున్న కొంచెం తడి ఉంది, చుక్కలు పడేంత కాదు. పంపు పై కవర్ నాకు తెలిసి ఎవరూ విప్పలేదు.

#6 చీపురుపల్లి_షెడ్డు
ఆ తడే మనకి కావలసింది. ట్యాంకు ఇంజిన్ పైనే ఉంటుంది కాబట్టి బండి ఆగినప్పుడు డీజిల్ బరువుకి గిన్నె వాచరు దగ్గర చెమ్మ వస్తుంది. నడిచేటప్పుడు ఫీడ్ పంపు లాగుతుంది. ట్యాంకు నుంచి డీజిల్ ధారాళంగా వస్తే పర్వాలేదు. ట్యాప్ దగ్గర జల్లెడ సగం మూసుకుంటే మాత్రం ఫీడ్ పంపు ఆ వాచరు సందులోంచి గాలి లాగుతుంది. బయటికి చుక్క కారదు, లోపలికి గాలి పోతుంది. రెండు చిన్న లోపాలు కలిసి ఒక పెద్ద లోపం అవుతాయి.
నిర్ధారణకి డబ్బా పరీక్ష. అయిదు లీటర్ల శుభ్రమైన డబ్బా, అడుగున పైపు తగిలేది. దాన్ని బానెట్ కన్నా ఎత్తుగా కట్టి, పైపు నేరుగా ఫిల్టరు ఇన్‌లెట్‌కి బిగించండి. ఫీడ్ పంపు నుంచి వచ్చే పైపు మూతి ఒక సీసాలోకి వదలండి, లేకపోతే ఇంజిన్ మీద చిమ్ముతుంది. ఎగ్జాస్ట్ వైపు డబ్బా కట్టొద్దు. గాలి తీసి, పదిహేను నిమిషాలు వేడెక్కనిచ్చి స్లోకి దించండి. ఊగుడు పోతే తప్పు ట్యాంకు నుంచి ఫీడ్ పంపు లోపు. పోకపోతే ఫిల్టరు, దాని తర్వాత.

#7 గజపతినగరం_డ్రైవర్
గాలి తీసే వరస కూడా రాయండి. మా దగ్గర అందరూ నాజిల్ నట్లు మాత్రమే విప్పి సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ చంపేస్తున్నారు.

#8 పాలకొండ_పంపు
వరస డీజిల్ నడిచే దారిలోనే ఉండాలి, ముందు ట్యాంకు వైపు, చివర నాజిల్.
ట్యాప్ తెరవండి, స్టాపర్ (ఇంజిన్ ఆపే పిడి) లోపలికి నెట్టి ఉండాలి. ఫిల్టరు పైన స్క్రూ రెండు చుట్లు వదులు చేసి ఫీడ్ పంపు చేతి లివర్ కొట్టండి. లివర్‌కి బిగువు తగలకపోతే అది పాడైపోయిందనుకోవద్దు, క్యామ్ ఎత్తు మీద ఆగింది. ఇంజిన్‌ని ఒక చుట్టు తిప్పితే బిగువు వస్తుంది. బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా కొట్టి, కారుతుండగానే బిగించండి.
పంపుకి పక్కన హెడ్ మీద ఒక స్క్రూ, పైన గవర్నర్ పెట్టె మీద ఒకటి. ముందు పక్కది, తర్వాత పైది, అదే పద్ధతి. ఎక్కువ మంది వదిలేసేది పైదే. గవర్నర్ పెట్టెలో గాలి ఉండిపోతే బాగున్న పంపు కూడా అరగంట ఊగుతుంది.
ఆఖరుగా, ఏవైనా రెండు నాజిళ్ల దగ్గర నట్లు వదులు చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా పెట్టి సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లు మించి వద్దు, మధ్యలో అర నిమిషం ఆపండి. డీజిల్ రాగానే బిగిస్తే చాలు, మూడోది ఇంజిన్ అందుకున్నాక తనే తీసుకుంటుంది.
విప్పే ముందు ప్రతి నట్టు చుట్టూ బ్రష్‌తో కడగండి. పాత బండికి మిల్లీమీటర్ పానా సరిగ్గా కూర్చోదు, అంగుళాల పానాలే వాడండి, లేకపోతే నట్టు గుండ్రమైపోతుంది.

#9 బొబ్బిలి_275
ఇదే వరసలో నాదీ ఒకటి. పాత ఇంటర్నేషనల్ బి-275. ఇన్‌లైన్ పంపు, గాలి గొట్టం దగ్గర బటర్‌ఫ్లై, అక్కడి నుంచి సన్న గొట్టం పంపు వెనక గుండ్రటి డబ్బాకి వెళ్తుంది. స్లోలో ఊగుడు, మధ్యమధ్య తనంత తనే రేజ్ అయిపోతోంది. డబ్బా పరీక్ష దీనికీ పనికొస్తుందా?

#10 చీపురుపల్లి_షెడ్డు
మీది వ్యాక్యూమ్ గవర్నర్, లెక్క వేరు. గాలి గొట్టంలో తిరిగే పలక, అంటే బటర్‌ఫ్లై దగ్గర పుట్టే వ్యాక్యూమ్, పంపు వెనక డబ్బాలోని పలచటి పొర, అంటే డయాఫ్రమ్‌ని లాగి డీజిల్ తగ్గిస్తుంది. వ్యాక్యూమ్ పోతే లోపలి స్ప్రింగు రాక్‌ని (డీజిల్ ఎంత వెళ్లాలో మార్చే కడ్డీని) పూర్తి డీజిల్ వైపు తోసేస్తుంది. అంటే గొట్టం పగిలినా, డయాఫ్రమ్ చిరిగినా ఇంజిన్ ఆగదు, పైకి పోతుంది. ప్రమాదం అదే. అది తేలేదాకా బండి స్టార్ట్ చేసేటప్పుడు స్టాపర్ మీద ఒక చెయ్యి ఉంచండి. గాలి గొట్టం మూయడానికి చెక్క పలక దగ్గర పెట్టుకోండి. అరచెయ్యి అడ్డం పెట్టొద్దు, లాగేస్తుంది.
పరీక్ష ఇంజిన్ ఆపి చెయ్యాలి. సన్న గొట్టం పంపు వెనక గుండ్రటి డబ్బా దగ్గర ఊడదీయండి. స్టాపర్ లివర్‌తో రాక్‌ని ఆపే వైపు పూర్తిగా నెట్టి, డబ్బా మూతిని వేలితో గట్టిగా మూసి, లివర్ వదలండి. డయాఫ్రమ్ బాగుంటే రాక్ కొంచెం వెనక్కి వచ్చి అక్కడే నిలబడాలి. టక్కున మొత్తం వెనక్కి వచ్చేస్తే చిరిగింది, లేదా అంచు దగ్గర గాలి పోతోంది. కొత్త డయాఫ్రమ్ వేసేటప్పుడు కవర్ స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి.
డయాఫ్రమ్ బాగుంటే గొట్టం రెండు చివర్ల నట్లు, తర్వాత బటర్‌ఫ్లై షాఫ్ట్ బుష్ ఆట చూడండి. ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఆయిల్ గీత దాటి పోశారేమో కూడా చూడండి. ఎక్కువైతే ఇంజిన్ ఆ ఆయిల్ పీల్చి దానితోనే తిరుగుతుంది. అప్పుడు స్టాపర్ లాగినా ఆగదు.

#11 వంశధార_గట్టు
డబ్బా పరీక్ష చేశాను. ఊగుడు పోయింది! ఇరవై నిమిషాలు స్లోలో ఉంచాను, ఒక్కసారీ ఆగలేదు. కానీ ఇప్పుడు నెమ్మదిగా ఒక వణుకు ఉంది, స్టీరింగు మీద తెలుస్తోంది. సైలెన్సర్ చప్పుడులో ప్రతి మూడింటికి ఒకటి మెత్తగా వస్తోంది. ఇది ముందు నుంచీ ఉందో కొత్తదో చెప్పలేను.

#12 చీపురుపల్లి_షెడ్డు
ఊగుడు కింద అది దాక్కుని ఉంటుంది. రెంటినీ విడివిడిగా చూద్దాం.
మొదటిది ట్యాంకు. ఫీడ్ పంపు ఇన్‌లెట్ దగ్గర పైపు విప్పి ట్యాప్ పూర్తిగా తెరిచి ఒక తపాలాలోకి వదలండి. పెన్సిలంత ధార ఆగకుండా రావాలి. మొదటి నిమిషం చూసి సరే అనుకోవద్దు, అయిదు నిమిషాలు వదలండి. మొదట బాగా వచ్చి పోనుపోను సన్నబడితే అడుగున చెత్త నెమ్మదిగా జల్లెడ మీదకి చేరుతోందన్న మాట. మీకు పది నిమిషాల తర్వాతే ఊగుడు రావడానికి అదే కారణం అయ్యుండాలి.
అలా ఉంటే ట్యాంకు ఖాళీ చేసి ట్యాప్ విప్పండి. ఊరికే గాలి ఊది చెత్తని వెనక్కి తోస్తే వారంలో మళ్లీ అదే చోటికి వస్తుంది. రెండు లీటర్ల డీజిల్ పోసి కుదిపి ఒంపండి, శుభ్రంగా వచ్చేదాకా. గిన్నె వాచరు కొత్తది వెయ్యండి. పాతది గాడిలో అతుక్కుని ఉండిపోతుంది, గోరుతో గీరి చూసుకోండి, దాని మీద కొత్తది వేస్తే మళ్లీ గాలే. గిన్నె నట్టు చేత్తో బిగించాలి, ప్లయర్ పెడితే గాజు పగులుతుంది.

#13 పాలకొండ_పంపు
వణుకు సంగతి. ఇంజిన్ స్లోలో ఉండగా నాజిల్ పైపు నట్టు ఒక్కొక్కటి అర చుట్టు వదులు చేసి, చప్పుడు విని, బిగించి, తర్వాతిదానికి వెళ్లండి. బాగున్న సిలిండర్ నట్టు విప్పితే ఇంజిన్ వెంటనే కుంగుతుంది. ఏది విప్పినా తేడా లేదో అదే పని చెయ్యట్లేదు. నట్టు మీద గుడ్డ కప్పండి, కళ్లద్దాలు పెట్టుకోండి. ఆ ప్రెషర్‌లో వచ్చే డీజిల్ తుంపర చర్మంలోకి దిగిపోతుంది. వేలు అడ్డం పెట్టి చూడకండి. సూదంత రంధ్రమే కనిపిస్తుంది గానీ లోపల కండ కుళ్లుతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి.
ఏ సిలిండరో తేలాక దాని నాజిల్‌ని పక్క సిలిండర్‌లోకి మార్చి చూడండి. తప్పు నాజిల్‌తోపాటు వెళ్తే నాజిల్‌ది. అక్కడే ఉండిపోతే టాపెట్ (వాల్వ్‌ని నొక్కే చోట ఉండే సందు), కంప్రెషన్ చూడాలి. టాపెట్ సందు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 12 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు 12), అంటే 0.30 మిల్లీమీటర్లు. బిగుతుగా ఉన్న ఎగ్జాస్ట్ వాల్వ్ వేడెక్కాక పూర్తిగా మూసుకోదు, అది కూడా స్లోలోనే ముందు తెలుస్తుంది.

#14 టెక్కలి_రైతు
నాజిల్ తీసేటప్పుడు అడుగున రాగి వాచరు హెడ్‌లోనే ఉండిపోతాది, సూసుకోండి. దాని మీద ఇంకోటి ఏస్తే నాజిల్ పైకి కూకుంటాది.

#15 పాలకొండ_పంపు
మంచి మాట చెప్పారు అన్నా. రెండు వాచర్లు పడితే నాజిల్ మొన హెడ్‌లోకి దిగాల్సినంత దిగదు, స్ప్రే పిస్టన్ గుంటలో పడే చోటు మారిపోతుంది. తెల్ల పొగ, స్లోలో మిస్సు (ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడం) వస్తాయి. గ్యాసు కూడా పక్క నుంచి కక్కుతుంది. నాజిల్ రెండు నట్లూ సమంగా బిగించాలి, ఒక పక్క ముందు లాగేస్తే నాజిల్ ఒరిగి లోపలి సూది పట్టేస్తుంది.

#16 వంశధార_గట్టు
ట్యాంకు: ధార మొదట బాగుంది, మూడో నిమిషానికి దారం అంత అయిపోయింది. ట్యాప్ జల్లెడ నిండా నల్లటి జిగురు, అడుగున నీళ్లు ఒక గ్లాసుడు. కడిగి, గిన్నె వాచరు మార్చి, ఎనిమిదో పోస్టు ప్రకారం గాలి తీశాను. గవర్నర్ పెట్టె మీద స్క్రూ నుంచి బుడగలు చాలాసేపు వచ్చాయి. ఇప్పుడు సొంత ట్యాంకు మీదే ఊగుడు లేదు.
మిస్సు: రెండో నట్టు విప్పితే తేడా లేదు. తీసి చూస్తే అడుగున రెండు రాగి వాచర్లు, టెక్కలి గారు చెప్పినట్టే. నాజిల్ కూడా పరీక్ష బెంచి మీద పెట్టించాను, స్ప్రే అవ్వకుండా చుక్క కారుతోంది. మొన మార్చి, ప్రెషర్ సరిచేసి, ఒకే వాచరుతో వేశాం. వణుకు పోయింది.
ఇక స్లో ఎంత పెట్టాలి? ఇంజిన్ స్పీడు మీటరు కేబుల్ ఎప్పుడో తెగిపోయింది.

#17 చీపురుపల్లి_షెడ్డు
మీ బండి పుస్తకంలో ఉన్న అంకే సరైనది. అది దొరకకపోతే నిమిషానికి 650 చుట్ల దగ్గర పెట్టండి. మీటరు లేకపోయినా పీటీవోతో (పనిముట్లు తిప్పే వెనక షాఫ్ట్‌తో) కొలవచ్చు. 1500 ఇంజిన్ స్పీడుకి పీటీవో 540 తిరిగే బండి అయితే, 650 దగ్గర పీటీవో నిమిషానికి 234. అంటే పదిహేను సెకన్లకి 58 చుట్లు. షాఫ్ట్ చివర తెల్ల పెయింట్ చుక్క పెట్టి, దూరంగా నిలబడి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి లెక్కపెట్టండి. తువ్వాలు, లుంగీ కొంగు వేలాడుతూ పీటీవో దగ్గరకి వెళ్లకండి.
ఇంజిన్ అరగంట నడిచి పూర్తిగా వేడెక్కాక సెట్ చెయ్యాలి. చల్లటి ఇంజిన్ మీద పెడితే వేడెక్కాక ఎక్కువైపోతుంది. గేరు న్యూట్రల్, హైడ్రాలిక్ లివర్ కిందకి. లాక్ నట్టు వదులు చేసి పావు చుట్టు తిప్పి, పది సెకన్లు ఆగి వినండి. స్పీడు కుదిరాక పూర్తి రేజ్ ఇచ్చి ఒక్కసారిగా వదలండి. రెండు మూడు సెకన్లలో స్లోకి దిగి, ముంచుకుపోకుండా నిలబడాలి. అప్పుడు స్క్రూ కదలకుండా పట్టుకుని లాక్ నట్టు బిగించండి. నట్టు బిగించేటప్పుడే చాలాసార్లు స్క్రూ తిరిగిపోతుంది, మళ్లీ లెక్కపెట్టుకోండి.
దమ్ములో ఆగిపోతుందన్న భయంతో 800 పెట్టొద్దు. గేరు పళ్లు పోతాయి.

#18 బొబ్బిలి_275
నాది డయాఫ్రమే. వేలు మూసినా రాక్ టక్కున వెనక్కి వచ్చేసింది. విప్పితే అంచు దగ్గర చీలిక. మార్చాక రేజింగ్ లేదు, స్లో నిలబడింది. సన్న గొట్టం ఒక నట్టులో రేకు వాచరు పగిలి ఉంది, అదీ మార్చాను.

#19 వంశధార_గట్టు
పదిహేను సెకన్లకి 59 వచ్చింది, అక్కడే బిగించాను. కేజ్ వీల్స్‌తో చేలో క్లచ్ తొక్కి రెండు నిమిషాలు ఉంచాను, ఆగలేదు. ఒక్కటే మిగిలింది: పూర్తి రేజ్ నుంచి వదిలితే స్లోకి దిగడానికి ఆరు సెకన్లు తీసుకుంటోంది. దమ్ము ఆపాలా?

#20 పాలకొండ_పంపు
ఆపక్కర్లేదు. అన్నిసార్లూ ఆరు సెకన్లే అయితే, ఊగుడు లేకపోతే, నడపండి. మీటరింగ్ వాల్వ్ కొంచెం బరువుగా కదులుతోంది. ట్యాంకులో నీళ్లు ఉన్న బండికి ఇది రావడం సహజం. రెండు ట్యాంకుల శుభ్రమైన డీజిల్ నడిచాక కొంత తగ్గొచ్చు. రోజూ రాత్రి ట్యాంకు నింపి పెట్టండి, సగం ఖాళీగా ఉంటే ఈ చెమ్మకి లోపల నీళ్లు చేరతాయి. వారానికోసారి గాజు గిన్నె చూడండి.
దిగడానికి పట్టే టైం రోజురోజుకీ పెరుగుతుంటే, లేదా ఒక్కసారైనా స్లోకి దిగకుండా పైనే ఉండిపోతే అదే రోజు ఆపి పంపు బెంచికి పంపండి. చాంబర్‌లో ఆయిల్ మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే కూడా అంతే. పంపు షాఫ్ట్ సీలో, ఫీడ్ పంపు డయాఫ్రమో పోయిందని అర్థం, పలచబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి.
పంపు విప్పేటప్పుడు ఫ్లాంజ్ (పంపుని ఇంజిన్‌కి బిగించే అంచు) మీద గీత, ఇంజిన్ మీద గీత ఎదురెదురుగా ఉన్నాయో లేదో ముందే ఫోటో తీసుకోండి. పంపు బయట ఉండగా ఇంజిన్ తిప్పొద్దు. అన్ని మూతులకీ శుభ్రమైన ప్లాస్టిక్ మూతలు పెట్టి పంపండి, గుడ్డ కుక్కితే దాని పీచు లోపలికి పోతుంది.